నానమ్మ పాటలు రాసుకుంటే అది రాజకీయం అవుతుందా అక్కా?

ఉత్తరం:

“అక్కా నమస్తే. మాది ఒడిశాలో గుణుపురం దగ్గర పల్లె, బరంపురంలో పొలిటికల్ సైన్స్ ఎమ్మే చదువుతున్నాను. మేం ఆరుగురం ఆదివారాలు కూర్చుని మార్క్స్, అంబేద్కర్, ఇటలీ తత్వవేత్త గ్రాంషీ చదువుకుంటాం. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడల్లా వరినాట్లప్పుడు మా నానమ్మ పాడే ఉడుపుల పాటలు ఫోన్లో రికార్డ్ చేసి రాసుకుంటున్నాను, ముప్పై దాకా అయ్యాయి. మా సీనియర్ ఒకాయన అవి చూసి ఇదంతా ఉపరితలం రా, ఆర్థిక పునాది మారితే పాటలు వాటంతటవే మారతాయి, పోరాటం తప్పించుకోడానికి నువ్వు పాటలు పట్టుకున్నావు అన్నాడు. మా పెదనాన్న కొడుకేమో ఎవడో ఇటలీవాడి పుస్తకం మనకెందుకు, మన సంస్కృతి మనకి చాలదా అంటాడు. నాన్న ఈ పుస్తకాలు చూస్తేనే భయపడుతున్నాడు, ఈ జిల్లాలో ఇవి చేతిలో ఉంటే పోలీసులొస్తారు, బ్యాంక్ కోచింగ్‌లో చేరు అంటున్నాడు. పోయినేడు విశాఖపట్నం సెమినార్‌కి వెళ్తే నా తెలుగు విని నవ్వారు కూడా. నేను చేస్తున్నది రాజకీయమా కాదా? ఎమ్మే ఆపేసి పూర్తిగా పనిలోకి దిగిపోనా? ఇంకోటి, నానమ్మ పాటల్లో ఒకదాన్లో రెండో చరణంలో ఒక మాట ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు, పెద్దదైపోయి తప్పు పాడుతోందేమో, దిద్ది రాయాలా?”

తమ్ముడూ, ఎమ్మే ఆపకు. ఇది ముందు చెప్పేస్తున్నా, ఎందుకంటే నీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది ఆ ఒక్క మాటే. మిగతావన్నీ మంచి ప్రశ్నలు, నీ వయసులో నేను అడగాల్సినవి, అడగలేదు.

జవాబు మాత్రం పుస్తకంతో మొదలుపెట్టలేను, మా నాన్న వ్యాపారంతో మొదలుపెడతా. మేం పర్లాకిమిడి వాళ్ళం. నాన్న వారపు సంతల్లో కొండ సరుకు కొనేవాడు, కందులు, చింతపండు, కొండచీపుర్లు, సీజన్‌లో ఇప్పపువ్వు. సెలవులొస్తే నేనూ కూడా వెళ్ళేదాన్ని, తొమ్మిది పదేళ్ళుంటాయేమో అప్పుడు. ఒకరోజు సవర అనే గిరిజన తెగ ఆవిడ ఒకామె నెత్తి మీద గంపతో కందులు తెచ్చింది, నడుం దగ్గర చీర మడతలో ఒక నారతాడు, దానికి ఎనిమిది ముడులు. ఇంటి దగ్గర తనే కొలుచుకుని కుంచానికో ముడి వేసుకుని కొండ దిగింది. మా నాన్న కొలిస్తే ఆరొచ్చాయి. కుంచం దొంగ కుంచమేం కాదు, తేడా అంతా చేతిలో ఉండేది, కొనేటప్పుడు పైన గోపురం కట్టేదాకా పోసి కొలిచేవారు, అదే కుంచంతో ఆమెకి ఉప్పో బియ్యమో అమ్మాల్సొస్తే అంచు మీద అరచెయ్యి పెట్టి చదునుగా రాసేసి కొలిచేవారు. ఆవిడ గంప కేసి చూసింది, తాడు తీసి ముడులు ఒక్కొక్కటీ బొటనవేలితో తడుముకుంది, మళ్ళీ మొదట్నించి తడుముకుంది. అప్పుడు “మీ లెక్కే లెక్క బాబూ, కొండోళ్ళం, మాకు లెక్కలేటి తెలుస్తాయి” అంది. డబ్బులు తీసుకుని తాడు మడతలో దోపుకుని వెళ్ళిపోయింది. ముడులు విప్పలేదు. ఎనిమిదీ అలాగే ఉన్నాయి, నేను చూశాను.

కొండోళ్ళకి లెక్క రాదు అన్నది మా ఇంట్లో రోజూ వినపడే మాట, నాకు లెక్కల్లో మార్కులు తగ్గితే అమ్మ నన్నూ అదే మాట అనేది. మేం చెడ్డవాళ్ళమని ఎప్పుడూ అనుకోలేదు, నాన్న సంతలో నీళ్ళడిగిన వాళ్ళందరికీ నీళ్ళు పోయించేవాడు, మనసు మంచిదే అనేవారు అందరూ. ఆ రోజు చూసింది అలా లోపల ఉండిపోయింది, దానికి పేరు మాత్రం ఇరవై ఏళ్ళ తర్వాత గ్రాంషీని చదువుతుంటే దొరికింది.

నువ్వూ గ్రాంషీని చదువుతున్నానన్నావు కదా, ఆ చోటు వచ్చిందో లేదో. పనిచేసే మనిషికి రెండు తెలివిడులు ఉంటాయంటాడు, ఒకటి చేతల్లో ఉంటుంది, తోటి పనివాళ్ళతో కలిసి లోకాన్ని మారుస్తున్న పనిలోనే ఉంటుంది, రెండోది నోటిమాటలో ఉంటుంది, అది పాతకాలం నుంచి వచ్చింది, ఎవరో ఇచ్చింది, ప్రశ్నించకుండా తీసుకున్నది. ఈ రెండూ ఒకే మనిషిలో ఒకదానికొకటి ఎదురు తిరిగి ఉంటాయి, అందుకే ఆ మనిషి కొన్నిసార్లు ఏమీ చెయ్యలేక ఆగిపోతాడు. ఆవిడ వేళ్ళకి ఎనిమిది తెలుసు, ఆవిడ నోరు మాత్రం మాకు లెక్క రాదు అంది, ఆ నోటిమాట మేం ఇచ్చింది. కర్ర పట్టుకుని ఎవరూ నిలబడలేదు అక్కడ, పోలీసు లేడు, అయినా రెండు కుంచాల కందులు మా గోతాంలోకి వచ్చేశాయి. ఆధిపత్యం అని పుస్తకాల్లో ఎన్ని పేజీలు రాసినా నాకు అదే కనిపిస్తుంది, గోపురం కట్టిన కుంచం.

ఇప్పుడు మీ సీనియర్ మాట. ఆయన చెప్పినదాన్లో నిజం లేదని అనను, ఆ సంతలో కొలత మారకుండా ఎన్ని పాటలు పాడినా ఆవిడ కందులు ఆవిడకి రావు. కానీ కొలత ఎలా మారుతుంది? ఆవిడ ఆ తాడు బయటికి తీసి, ఎనిమిది అని గట్టిగా అనాలి, పక్కన ఇంకో పదిమంది తాళ్ళు తియ్యాలి. మాకు లెక్క వచ్చు అని ముందు వాళ్ళలో వాళ్ళకి అనిపించకుండా అది జరగదు. ఆర్థికం పునాది, పాటలూ నమ్మకాలూ లాంటివి దాని మీద కట్టిన ఉపరితలం అన్న ఆ బొమ్మ మార్క్స్ 1859లో ఒక పుస్తకానికి ముందుమాటలో క్లుప్తంగా ఇచ్చాడు, దాన్ని జనం ఇల్లు కట్టే ప్లాన్‌లా పట్టుకున్నారు. మార్క్స్ సహచరుడు ఎంగెల్స్ 1890లో జోసెఫ్ బ్లోక్ అనే ఆయనకి ఉత్తరం రాస్తూ, ఆర్థికమే ఏకైక కారణం అని మేమెప్పుడూ అనలేదు, కుర్రాళ్ళు దానికి మోతాదు మించి బరువు ఇస్తున్నారంటే కొంత తప్పు నాదీ మార్క్స్‌దీ కూడా అని ఒప్పుకున్నాడు. ఆ ఉత్తరం ఒకటి ప్రింట్ తీసి మీ ఆదివారం మీటింగ్‌లో చదవండి, మీ సీనియర్ని ఓడించడానికి అని కాదు తమ్ముడూ, ఆయన కూడా కూర్చుని చదవాలి, మీ ఆరుగురిలో ఎవరైనా విడిపోతే నాకు బాధగా ఉంటుంది.

పుస్తకం వద్దంటే మీ జిల్లాలోనే ఉంది కదా ఉదాహరణ. నియమగిరి. బాక్సైట్ కోసం ఆ కొండ తవ్వాలన్నప్పుడు అక్కడి గిరిజనులు డోంగ్రియా కోందులు ఏమన్నారు, ఇది మా నియమరాజు ఉండే కొండ అన్నారు. సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న ఆ విషయం గ్రామసభలే తేల్చాలంది, జిల్లా జడ్జి కూర్చుని చూస్తుండగా రాయగడ వైపు 7 ఊళ్ళు కలహండి వైపు 5 ఊళ్ళు, మొత్తం 12 ఊళ్ళూ వద్దన్నాయి. అంత పెద్ద కంపెనీ, అంత పెద్ద ప్రభుత్వం, కొండ మీద దేవుడున్నాడన్న మాట దగ్గర ఆగాల్సొచ్చింది. ఇది ఉపరితలమా పునాదా? ఆ కొండలోంచే వాళ్ళ ఊటలు, ఆ కొండ మీదే వాళ్ళ అనాస తోటలు, పసుపు, తిండి, ఆ దేవుణ్ణీ ఆ ఊటనీ విడదీసి ఇది ఆర్థికం ఇది సంస్కృతి అని రెండు చేటల్లో పొయ్యడం వాళ్ళకి రాదు, మనం నేర్చుకున్న విద్య అది. నాకు ఇంకో అనుమానం కూడా ఉంది, మా తిండి పోతుంది అని ఎన్నేళ్ళు అరిచినా వినని చెవులు దేవుడు అనేసరికి విన్నాయేమో అని. అలా అయితే చట్టం ఏ భాష వింటుందో ఆ భాషలో మాట్లాడటం వాళ్ళు నేర్చుకున్నారు, అదీ రాజకీయమే, చాలా తెలివైన రాజకీయం.

మీ పెదనాన్న కొడుకుతో మాట్లాడటం ఇంతకంటే కష్టం. మన సంస్కృతి చాలు అనేవాళ్ళని నేను అడిగేది ఒకటే, మనం అంటే ఎవరెవరం. మీ నానమ్మ ముప్పై పాటల్లో ఎన్నిట్లో కోడల్ని తిట్టడం ఉందో చూడు, ఎన్నిట్లో మాల మాదిగ వాళ్ళ మీద ఎగతాళి ఉందో చూడు, కొండోళ్ళ మీద ఎన్నున్నాయో చూడు. ఉంటాయి. మా అమ్మమ్మ పాటల్లో ఉన్నాయి, నాకు ప్రాణం ఆవిడంటే, అయినా ఉన్నాయి. అవి వదిలేసి మంచివి మాత్రం రాసుకున్నావంటే నువ్వు చేసేది పూజ అవుతుంది. గ్రాంషీ జానపదం గురించి రాసుకున్నప్పుడు ఇదే అంటాడు, దాన్ని వింతగా ముచ్చటగా చూడొద్దు, అది జనం లోకాన్ని చూసే చూపు, కాబట్టి సీరియస్‌గా తీసుకోవాలి అని. సీరియస్‌గా తీసుకోవడం అంటే వాదించడం కూడా. నలుగురూ అనుకునే మాటలో తాలూ ఉంటుంది గింజా ఉంటుంది, చేట ఊపుతూ ఉంటే గాని రెండూ వేరు కావు, ఆ చేట ఊపే పనే తత్వం అని నాకు అర్థమైంది.

ఇటలీవాడు మనకెందుకు అన్నాడు కదా, ఆ ఇటలీవాడు ఎక్కడివాడో చెప్పు మీ అన్నకి. 1891లో సార్డీనియా అనే దీవిలో పుట్టాడు, ఇటలీలో అది వెనకబడిన పేద ప్రాంతం, ఉత్తరాది వాళ్ళు సార్డీనియా వాళ్ళంటే చిన్నచూపు చూసేవారు, ఇంట్లో మాట్లాడే భాష వేరు, బడి భాష వేరు. స్కాలర్‌షిప్ మీద ట్యూరిన్ వెళ్ళి భాషాశాస్త్రం చదివాడు. 1926 నవంబర్‌లో ముస్సోలినీ ప్రభుత్వం అరెస్ట్ చేసింది, 1937లో చనిపోయేదాకా మామూలు బతుకు బతకలేదు. ఆ జైల్లోంచి 1927 మార్చిలో చెల్లెలు తెరెసీనాకి ఉత్తరం రాస్తూ, నీ కొడుకుని సార్డీనియా భాష మాట్లాడనివ్వు, ఆపొద్దు, మన అన్నయ్య కూతుర్ని చిన్నప్పుడు మాట్లాడనివ్వకపోవడం తప్పు, దాని ఊహకి సంకెళ్ళు వేసినట్టయింది, ఇటాలియన్ ఎలాగూ వస్తుంది అని రాశాడు. రాజకీయ ఖైదీ, పార్టీ నాయకుడు, బయటికొస్తాడో రాడో తెలీదు, మేనల్లుడు ఏ భాషలో ఆడుకుంటున్నాడో అని దిగులుపడ్డాడు! ఆ ఉత్తరం చదివిన రోజు నాకు మా బడి గుర్తొచ్చింది, ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు, ఏది మాట్లాడినా ఎవరో ఒకరు నవ్వేవారు. నీ తెలుగు విని విశాఖపట్నంలో నవ్వారంటే నాకు కోపం వచ్చింది, నిజంగా. అయితే అదే గ్రాంషీ ఇంకోచోట, సొంత యాస ఒక్కటే వచ్చినవాడి చూపు ఇరుకైపోతుందని కూడా రాశాడు, కాబట్టి నీ తెలుగు నీ దగ్గర పెట్టుకునే ఒడియా బాగా రాయడం నేర్చుకో, ఇంగ్లీషు నేర్చుకో, సవర నేర్చుకుంటే ఇంకా మంచిది.

సవర అన్నాను కదా, దాని వెనక మన ఊళ్ళ కథ ఒకటుంది, మీరు తప్పకుండా మాట్లాడుకోవాల్సింది. గిడుగు రామమూర్తి పంతులు గారిని అందరం వాడుక భాష పిడుగు అంటాం, ఆగస్టు 29న దండలేస్తాం. ఆయన పర్లాకిమిడిలో బడిపంతులు. వాడుక భాష గొడవ కంటే చాలా ముందే సవరలతో కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్నాడు, వాళ్ళ పిల్లలకి చదువు చెప్పించాడు, ఆయన సవర వ్యాకరణం 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది, డిక్షనరీ కూడా చేశాడు. నా లెక్క ప్రకారం ఆయన వాడుక తెలుగు కోసం కొట్లాడే ధైర్యం అక్కడ, సవర ఇళ్ళ అరుగుల మీద వచ్చింది, రాత లేని భాషకి కూడా పక్కా వ్యాకరణం ఉంటుందని చెవులతో విన్నవాడు పండితుల గ్రాంథికానికి భయపడడు. ఇది నా ఊహ, ఎవరైనా కాదంటే వింటాను. జనం నోటిమాటకి పరువుంది అన్న ఆ ఒక్క మాటతో బడి పుస్తకాలు, పేపర్లు, పరీక్షలు ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న కదిలిపోయింది, దాన్ని రాజకీయం కాదు అనగలడా మీ సీనియర్?

కానీ ఇక్కడ ఆగకు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది, పర్లాకిమిడి అటు వెళ్ళింది. గిడుగు పంతులు గారు అది భరించలేక ఆ ఉదయమే ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయాడు, మళ్ళీ అక్కడే ఉండిపోయాడు. మా ఇంట్లో పెద్దవాళ్ళు ఈ కథ చెప్పి కళ్ళు తుడుచుకునేవారు. పర్లాకిమిడి తెలుగువాళ్ళదా ఒడియావాళ్ళదా అని అంత పోట్లాట జరిగింది, చుట్టూ కొండల్లో ఉన్న సవరల్ని మీరెటు అని అడిగినట్టు మా ఇంట్లో ఎవరూ ఒక్కసారి కూడా చెప్పలేదు. గీత గీసేసరికి వాళ్ళు అటూ ఇటూ రెండు వైపులా తక్కువమందైపోయారు. అదే 1936లో సవరల్లోంచి మంగయి గొమాంగో అనే ఆయన తమ భాషకి సొంత లిపి తయారుచేశాడు, సొరంగ్ సొంపెంగ్. తెలుగు లిపి వద్దు, ఒడియా లిపి వద్దు, మిషనరీల రోమన్ లిపీ వద్దు, మా అక్షరాలు మావి, ఆ అక్షరాలకి మా దేవతల పేర్లు. 2012లో యూనికోడ్‌లో కూడా చేరింది, ఫాంట్ వేసుకుంటే నీ ఫోన్లోనే చూడొచ్చు. మనం ఎంతో ప్రేమగా వాళ్ళ భాషకి వ్యాకరణం రాసిన పంతులు గారిని తల్చుకుంటాం, మాకు మీ లిపి కూడా వద్దు అన్న మనిషి పేరు మాత్రం నాకు నలభై ఏళ్ళొచ్చేదాకా తెలీదు, సవర ఊళ్ళ పక్కనే పెరిగాను నేను! కొండోళ్ళకి లెక్క రాదు అన్న ఇంట్లో పెరిగితే అంతే, వాళ్ళకి అక్షరం కూడా ఉంటుందన్న ఆలోచనే రాదు.

అంబేద్కర్ కులనిర్మూలన పుస్తకం కూడా 1936దే. లాహోర్‌లో జాత్ పాత్ తోడక్ మండల్ అనే కుల వ్యతిరేక సంఘం వాళ్ళు అధ్యక్షోపన్యాసానికి పిలిచారు, రాసింది చూసి భయపడి సభే రద్దు చేసుకున్నారు, ఆయన సొంత డబ్బుతో 1500 కాపీలు వేయించాడు. దాన్లో ఆయన సోషలిస్టులకి వేసిన ప్రశ్న మీ ఆదివారం గ్రూప్‌లో చదివారా? కులం పనిని విడదీయడం ఒక్కటే కాదు, పనిచేసేవాళ్ళని విడదీయడం, అది తెలుసుకోకుండా అందరూ కలిసి విప్లవానికి వస్తారని ఎలా అనుకుంటారు అని. మీ సీనియర్‌కీ మీ అన్నకీ ఒకే దెబ్బకి జవాబు ఉంది అందులో. పునాది మారితే కులం పోతుందిలే అనేవాడికీ జవాబే, మన సంస్కృతి చాలు అనేవాడికీ జవాబే.

ఇక నాన్న భయం. దాన్ని తేలిగ్గా తీసుకోకు తమ్ముడూ. మీ నాన్న వయసు వాళ్ళకి, వాళ్ళ ముందుతరం వాళ్ళకి శ్రీకాకుళం గిరిజన పోరాటం అంటే పుస్తకంలో చాప్టర్ కాదు, పక్క కొండ. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ పంతుళ్ళు, గిరిజనుల కూలి కోసం, సాహుకార్ల దగ్గర పోయిన భూమి కోసం సంఘం పెట్టించారు. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్లు సభకి వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయారు, అక్కణ్ణించి కథ తుపాకుల్లోకి వెళ్ళింది, 1970 జులైలో ఆ పంతుళ్ళిద్దరూ కూడా చనిపోయారు. బొడ్డపాడు గుడిలో పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ పట్టుకుని ఊరూరా రైతుల కథ చెప్పాడు, అమ్మవారి కథలు విన్న చెవులే ఆ కథా విన్నాయి, 1969లో ఆయన్నీ చంపేశారు. జముకు చప్పుడు ఎప్పుడైనా దగ్గర్నించి విన్నావా? తోలు మీద కొట్టరు, లోపలి తీగ లాగి మీటుతారు, గుండెలో ఎవరో పిలిచినట్టుంటుంది. ఆయన కథ చెప్పగా విన్నవాళ్ళు మా ఊళ్ళో ఉండేవారు, వాళ్ళు రాజకీయం ఒక్క ముక్క చెప్పలేకపోయేవారు గాని ఆ వరసలు మాత్రం పాడేవారు, గొంతు తగ్గించి, కిటికీ మూసి.

తుపాకీ దారి గురించి నా మాట సూటిగా చెప్తా, నాకు దాని మీద నమ్మకం లేదు. ఆ పంతుళ్ళు అడిగిన కూలీ, భూమి న్యాయమైనవి, అందులో నాకు అనుమానం లేదు, కానీ అడవిలో రహస్యంగా నడిచే పనిలో ఎందుకు, తప్పు కదా, నాకు వద్దు అని అడిగే చోటు మిగల్లేదు, చివరికి రెండు వైపుల నుంచీ దెబ్బ తిన్నది గిరిజనులే. అందుకే నీకో గుర్తు చెప్తా. ఏ గ్రూప్‌లో అయినా సరే, ఇంట్లో చెప్పొద్దు అన్నా, ఈ కవర్ అక్కడ ఇచ్చెయ్ ఏముందని అడక్కు అన్నా, ప్రశ్న అడిగినవాడికి క్రమశిక్షణ లేదు అన్నా, ఆ రోజే లేచి వచ్చెయ్. మీ ఆదివారం కూర్చోడం మాత్రం తలుపులు తీసి పెట్టుకుని చెయ్యండి, లైబ్రరీలోనో టీ కొట్టు దగ్గరో, ఎవరొచ్చినా కూర్చోనివ్వండి, ఏం చదివారో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. మీ నాన్నని ఒకసారి తీసుకెళ్ళు, సరదాకి అనట్లేదు, తీసుకెళ్ళి కూర్చోబెట్టు, ఆయన సంతలో, పొలంలో కొలతల గురించి చెప్పేది మీ ఆరుగురికీ ఏ పుస్తకంలోనూ దొరకదు. బ్యాంక్ కోచింగ్ కూడా నాకు తప్పనిపించట్లేదు, సొంత జీతం ఉన్నవాడు ఎవరికీ తల వంచకుండా మాట్లాడగలడు, చేరాలా వద్దా నువ్వే చూసుకో.

పాటల పని, చదువు పని ఉద్యమం ఎప్పుడవుతాయి అన్నది నువ్వు నేరుగా అడగలేదు గాని ఉత్తరం అంతా అదే ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షర దీపం రాత్రి బళ్ళలో ఆడవాళ్ళు వాచకం చదువుకుంటున్నారు, దాన్లో సారా వల్ల సంసారం పాడైన ఒకావిడ కథ పాఠంగా ఉంది. చదివి ఇది మన ఊరి కథే అన్నారు, అది చాలు, సారా కొట్టు మూయించారు. పక్క ఊళ్ళకి పాకింది, జిల్లా దాటింది, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా బంద్ అయింది, 1995లో మొత్తం మద్యనిషేధం వచ్చింది. 1997లో ఎత్తేశారు, గెలిచింది నిలబెట్టుకోడానికి ఇంకేదో కావాలని అక్కడ తెలిసింది, అదేంటో ఇప్పటికీ మనందరం వెతుక్కుంటున్నాం. బ్రెజిల్‌లో పాలో ఫ్రెయిరీ 1963లో అంగికోస్ అనే ఊళ్ళో 300 మంది కూలీలకి వాళ్ళు రోజూ వాడే మాటలతోనే చదువు మొదలుపెట్టాడు, మాట రాయడం నేర్పుతూనే ఆ మాట వెనక ఉన్న వాళ్ళ బతుకు గురించి మాట్లాడించాడు, మరుసటి ఏడు సైన్యం గద్దెనెక్కి ఆయన్ని జైల్లో పెట్టింది. అక్షరాలు నేర్పినందుకు జైలు! పాఠంలో మన బతుకు కనపడి, చదివినవాళ్ళు నలుగురు కలిసి దాని గురించి గట్టిగా మాట్లాడుకున్న చోట కదలిక వస్తుంది. నీ ముప్పై పాటలు నీ ఫోన్లో ఉన్నంతకాలం అవి నీ పాటలే, నీ ప్రేమే, తప్పేం లేదు. మీ ఊళ్ళో ఉడుపుల రోజుల్లో సాయంత్రం ఆడవాళ్ళని కూర్చోబెట్టి వాళ్ళ పాట వాళ్ళకే వినిపించి, ఇందులో కూలి ఎంత అంటున్నారు, ఇప్పుడెంత ఇస్తున్నారు, ఇందులో కోడలు ఎందుకు ఏడుస్తోంది అని అడిగావనుకో, అప్పుడు చూడు ఏమవుతుందో. నువ్వు మాత్రం అక్కడ ఉపన్యాసం ఇవ్వకు. అడిగి ఊరుకో.

రాసేటప్పుడు ఎవరు పాడారు, ఏ ఊళ్ళో, ఏ రోజు, ఏ పని చేస్తూ పాడారు అన్నీ రాయి, బయట పెట్టేముందు పాడినవాళ్ళని అడుగు, నానమ్మే కదా అని అడక్కుండా పెట్టెయ్యకు. తిట్ల పాటలూ రాయి. మీ ఊరి మాట మీ ఊరి మాటలాగే రాయి, ఎల్లిపోనాడు అంటే ఎల్లిపోనాడు అనే రాయి, వెళ్ళిపోయాడు అని సాపు చెయ్యకు, విశాఖపట్నంలో నవ్విన వాళ్ళ కోసం అసలే చెయ్యకు. ఇంకో పని కూడా ఉంది మీ ఆరుగురికి, 2006 అటవీ హక్కుల చట్టం ఉంది కదా, నియమగిరి తీర్పుకి ఆధారం అదే, దాన్ని ముందు మీరు బాగా చదివి అందరికీ అర్థమయ్యే మాటల్లో ఒడియాలో ఒకసారి తెలుగులో ఒకసారి చెప్పుకోండి, తర్వాత మీ క్లాసులో సవర పిల్లలుంటే సవరలో ఎలా చెప్తారో వాళ్ళని అడగండి, హక్కు అన్నదానికి వాళ్ళు ఏ మాట వాడతారో వినండి. తత్వం చదవడం అంటే నాకు ఇదీ కనిపిస్తుంది.

ఆ రెండో చరణంలో మాట దిద్దకు తమ్ముడూ, ముట్టుకోవద్దు. నానమ్మ తప్పు పాడుతోందని ఎందుకనుకున్నావు, ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు కాబట్టే కదా. మీ ఊరి ఉడుపులకి కొండ దిగి కూలికి వచ్చేవాళ్ళు ఎవరో ఒకసారి అడుగు. మీ నానమ్మ చిన్నతనంలో ఒకే మడిలో ఒకే వరసలో వంగి నాటిన ఆడవాళ్ళలో సవర వాళ్ళు ఉండే ఉంటారు, పాట ఒకరు ఎత్తుకుంటే ఇంకొకరు అందుకుంటారు, మాట ఎవరి నోట్లోంచి ఎవరి నోట్లోకి వచ్చిందో ఎవరూ రాసుకోలేదు. ఈసారి సంతరోజు ఫోన్ పట్టుకుని వెళ్ళు, చీపుర్లు అమ్ముకునే ముసలావిడ దగ్గర కూర్చుని ఆ చరణం ఒక్కటి వినిపించు. ఆవిడ ఏమందో నాకు రాయి.